మూడు గదులు, ఒక బ్యాండు

మీ ఒళ్ళో గిటార్ ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు. బయట కరీబియన్ ఎండ. మాంట్సెరాట్ దీవిలో జార్జ్ మార్టిన్ కట్టించిన స్టూడియో ఇది. 1982 డిసెంబరు. మీరు ఆండీ సమ్మర్స్, 'ది పోలీస్' బ్యాండు గిటారిస్టు. ఈ నెలాఖరుకు మీకు నలభై నిండుతాయి.

తలెత్తండి. గదిలో మీరొక్కరే. స్టూవర్ట్ కోప్‌లాండ్ భోజనాల గదిలో డ్రమ్స్ వాయిస్తున్నాడు. స్టింగ్ కంట్రోల్ రూములో బేస్ పట్టుకుని కూర్చున్నాడు. ఒక వాద్యం మోత ఇంకో వాద్యంలో కలవకూడదని ఈ ఏర్పాటు. ఆ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే ఏమవుతుందో కూడా మీకు తెలుసు.

1978లో ఇలా లేదు. చవక టికెట్ల విమానంలో అమెరికా చేరి, ముగ్గురూ వ్యానులో ఇరుక్కుని ఊరూరా తిరిగారు. పకిప్సీలో ఓ రాత్రి శ్రోతలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అయినా చేతులు నొప్పెట్టేదాకా వాయించారు. పంక్ దూకుడులో రెగే ఊపు కలిసిన మీ పాటను జనం 'న్యూ వేవ్' అన్నారు. 1980 మార్చిలో బొంబాయిలోనూ వాయించి వచ్చారు.

ఇప్పుడు హెడ్‌ఫోన్లలో వాదన. 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' స్టింగ్ పాట. డ్రమ్స్ ఎంత ఉండాలి? ఒకరు ఎక్కువంటారు, ఒకరు తక్కువంటారు.

మీ వంతు. నమూనాలోని ఆర్గాన్ తీసేసి గిటార్ పెట్టాలి. నిండుగా కార్డులు కొట్టొచ్చు. కొడితే పాటలో గాలి ఆడదు. ఒక్కో తీగే మీటుతారు. అరచేతి అంచుతో మోత అదిమిపెడతారు. చిటికెన వేలు లాగుతోంది. ఆపరు. ఒక్క టేకు. అయిపోయింది. నా దృష్టిలో ఆ పాటకు ప్రాణం పోసింది ఈ కొద్ది నిమిషాలే.

1983 ఆగస్టు 18. న్యూయార్క్, షే స్టేడియం. 70,000 మంది. కాళ్ళ కింద వేదిక అదురుతోంది. జులై నుంచి ఆ పాట అమెరికాలో మొదటి స్థానం దిగలేదు. నాలుగడుగుల దూరంలో స్టింగ్ జనాన్ని చూస్తున్నాడు. ఇంతకు మించి ఎక్కడానికి మెట్టు లేదు, ఇక ఆగాలి అనుకుంటున్నాడు. ఆ హోరులో మీకేం తెలుస్తుంది?

1986 జులై. మళ్ళీ స్టూడియో. పాత పాటల్ని కొత్తగా రికార్డు చేయాలి. స్టూవర్ట్ గుర్రం మీంచి పడ్డాడు. మెడ కింది ఎముక విరిగింది. డ్రమ్స్ ముట్టుకోలేడు. కలిసి వాయిస్తే మాటలు ఆగేవి. ఇప్పుడు మాటలే ఉన్నాయి. దరువు ఏ యంత్రంతో? సింక్లేవియరా? ఫెయిర్‌లైటా? గొంతులు లేస్తాయి. మీరెటు? నోరు విప్పుతారా?

గిటార్ ఒళ్ళోనే ఉంది. భోజనాల గదిలోంచైనా సరే, ఆ దరువు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గుతారు.

లేదు.