డోర్నకల్ క్రైస్తవ సంప్రదాయంలో తగ్గింపు

తన ఇష్టాన్ని, పేరును, కులాన్ని పక్కన పెట్టి దేవుణ్ణే బతుకుకు కేంద్రం చేసుకోవడాన్ని తెలుగు క్రైస్తవులు తగ్గింపు, దీనమనస్సు అంటారు. పూర్వపు వరంగల్ జిల్లాలో, ముఖ్యంగా నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ చుట్టూ, 20వ శతాబ్ది మొదటి సగంలో ఈ బోధ ఒక ప్రత్యేక రూపం దాల్చింది.

మూలాలు

ఈ బోధకు ఆధారం కొత్త నిబంధన. యేసు శిష్యుల పాదాలు కడిగిన సంగతి యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఉంది. దేవునితో సమానుడై ఉండి కూడా ఆయన దాసుని రూపం ధరించాడని ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది. పాపానికి మొదలు గర్వమేనని అగస్టీను బోధించాడు. 6వ శతాబ్దిలో బెనెడిక్టు తన మఠ నియమావళిలో దీనత్వానికి 12 మెట్లు చూపాడు.

స్థానిక నేపథ్యం

నిజాం పాలనలో జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల పల్లెలు దొరల గడీల కింద ఉండేవి. మాల, మాదిగలు కూలి లేని వెట్టి చేసేవారు. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్నది వారి నోట నిత్యం వినిపించే మాట. అలాంటి చోట తగ్గింపును బోధించడం సున్నితమైన పని. అణచివేతకు లొంగి ఉండమనే ఉపదేశంగా అది మారిపోయే ప్రమాదం ఉంది. అమెరికన్ బాప్టిస్టులు 1879లో హనుమకొండలో మిషన్ మొదలుపెట్టారు. తర్వాత జనగామ కూడా ఆ మిషన్ కేంద్రాల్లో ఒకటైంది. డోర్నకల్‌కు మాత్రం సువార్త భారతీయుల చేతుల మీదుగానే వచ్చింది.

అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలైలో పుట్టాడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ చందాలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ పనిలో ముందున్న అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పదవి వదులుకొని, 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరాడు. తెలుగు నేర్చుకొని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, భారతీయులకు వారి నుంచి కావలసింది స్నేహమని చెప్పాడు. తగ్గింపు కింది వారికే కాదు, పై వారికీ వర్తిస్తుందన్నది ఆ ప్రసంగ సారం. అది అక్కడ చాలామందికి రుచించలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ చొరవతో, కొందరు ఐరోపా మిషనరీలు అభ్యంతరం చెప్పినా, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

బోధ, ఆచరణ

దొర ముందు వంగడం భయం వల్ల. దేవుని ముందు వంగడం ఇష్టపూర్వకం. బిషప్ మొదలు పాలేరు దాకా అందరూ ఒకే దేవుని ముందు మోకరిస్తే మనిషి మరో మనిషి కాళ్ల మీద పడే పని ఉండదు. డోర్నకల్ బోధకు ఇదే ఇరుసు. మాల, మాదిగ విశ్వాసులు ఒకే బల్ల దగ్గర ప్రభు సంస్కారం తీసుకోవాలని అజరయ్య పట్టుబట్టాడు. రెండు కులాల మధ్య ఉన్న ఎడాన్ని బట్టి చూస్తే అది చిన్న మార్పు కాదు.

బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, సువార్త చెప్పకుండా ఉండలేనన్న పౌలు మాటను తమ మాటగా పలికించేవాడు. ఆనాటి దాకా ఎవరూ మాట్లాడనివ్వని కూలీ ఆ క్షణం నుంచి దేవుని పక్షాన మాట్లాడే మనిషి అయ్యేవాడు. ఇక్కడ తగ్గింపు నోరు నొక్కలేదు, నోరు తెరిపించింది.

సంఘం తన స్వార్థం చూసుకోకూడదన్న నియమాన్ని ఆయన రాజకీయాల్లోనూ పాటించాడు. 1932 నాటి కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ఇచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించాడు. తమ సీట్లు, తమ లెక్కలు చూసుకునే వర్గంగా మారితే సంఘం సేవాగుణం కోల్పోతుందని ఆయన వాదన.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథీడ్రల్‌లోనూ ఈ ఆలోచన కనిపిస్తుంది. మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు, గుడి మండపాన్ని తలపించే రాతి స్తంభాలు అందులో కలిసి ఉన్నాయి. పాశ్చాత్య చర్చి నమూనాను తెచ్చిపెట్టకుండా ఈ నేల శిల్పరీతులనే ఆరాధనకు వాడుకున్నారు.

తర్వాతి కాలం

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశాడు. ఆయన ఏళ్ల తరబడి పాటుపడిన సంఘైక్యం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో నెరవేరింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు తమ విడివిడి పేర్లు వదులుకొని దక్షిణ ఇండియా సంఘంగా ఏకమయ్యాయి. వ్యక్తికి చెప్పిన తగ్గింపును సంస్థలు తమకు అన్వయించుకున్న అరుదైన సందర్భమిది. డోర్నకల్ ఆ సంఘంలో ఒక డయాసిస్‌గా కొనసాగుతోంది.

1952లో వరంగల్ కేంద్రంగా కథోలిక మేత్రాసనం ఏర్పడింది. కథోలిక ఆరాధనలో పవిత్ర గురువారం నాడు గురువు విశ్వాసుల పాదాలు కడుగుతాడు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఈ ఆచారంలో స్త్రీలకూ చోటు కల్పించాడు. అధికారం ఉన్నవాడే ముందుగా వంగాలన్న సూత్రంలో రెండు సంప్రదాయాలూ ఇలా కలుస్తాయి.