యముడి నుంచి సంపూ దాకా: తెలుగు స్పూఫ్ కథ

ఎప్పటిలాగే సికింద్రాబాద్ బోయిగూడ నుంచి మాట్లాడుతున్నా. వెనకాల టింబర్ డిపోలో రంపం చప్పుడు వినిపిస్తే కొంచెం సర్దుకోండి, మా ఏరియా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అదే.

ఈ రోజు ఎపిసోడ్ స్పూఫ్ గురించి. హీరో నడకను, డైలాగును, ఇంట్రో సీన్‌ను అనుకరిస్తూ ఆ అనుకరణతోనే నవ్వించడాన్ని మనం స్పూఫ్ అంటాం. రీల్స్‌లో రోజూ చూస్తున్నాం, మనమూ చేస్తున్నాం. ఇది యూట్యూబ్ వచ్చాక పుట్టిందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరే. దీని వయసు సినిమా కంటే పెద్దది.

తోలుబొమ్మలాట తీసుకోండి. తెర మీద రామాయణం నడుస్తుంటుంది. రాముడు, రావణుడు, భారీ డైలాగులు, పద్యాలు. మధ్యలో సడన్‌గా కేతిగాడు, బంగారక్క దూరిపోతారు. వాళ్ళకు కథతో పని లేదు. పెద్దవాళ్ళు ఎంత గంభీరంగా మాట్లాడితే వీళ్ళు అంత అల్లరిగా, ఒక్కోసారి బూతుగా కూడా మాట్లాడతారు. జనం పగలబడి నవ్వుతారు. మళ్ళీ రాముడు రాగానే అదే జనం చేతులు జోడిస్తారు. భక్తి, వెటకారం రెండూ ఒకే తెర మీద, ఒకే రాత్రి. ఎవరికీ ఇబ్బంది లేదు.

పగటివేషాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. సోమయాజులు, సోమిదేవమ్మ అని ఒక వేషం ఉంది. మడి, ఆచారం, పెద్దరికం అంటూ తిరిగే దంపతులను అచ్చుగుద్దినట్టు చేసి చూపించడమే ఆ వేషం. దాన్ని వాళ్ళ వీధిలోనే, పట్టపగలు, వాళ్ళ ముందే ఆడతారు. ఆట అయ్యాక వాళ్ళ దగ్గరే సంభావన తీసుకుంటారు. అంటే తన మీద వేసిన జోక్‌కి ఆ పెద్దమనిషే డబ్బులిస్తాడన్నమాట. ఆలోచించండి, ఇవాళ ఒక స్టార్ ముందు అలా చేసి దండం పెట్టి డబ్బులు అడగగలమా?

పుస్తకాల్లో కూడా ఈ పని జరిగింది. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి అని ఒకాయన. అందరూ జరుక్ శాస్త్రి అనేవాళ్ళు. శ్రీశ్రీ అంతటి కవి రాసిన తీరును పట్టుకుని, అదే ఊపులో పేరడీలు కట్టి జనాన్ని నవ్వించాడు. ఆయనకు పేరడీ శాస్త్రి అనే పేరు కూడా పడింది. ఇందులో ఒక కిటుకు ఉంది. ఒక కవికి పేరడీ కట్టాలంటే ముందు ఆ కవి కంఠతా రావాలి. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ మాట మీద ఒత్తు పెడతాడో తెలియాలి. ఇష్టం లేనిదాన్ని అంత శ్రద్ధగా ఎవరూ చదవరు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సినిమాకు వద్దాం. మన సినిమాలో స్పూఫ్‌కి దొరికిన మొదటి పెద్ద టార్గెట్ ఎవరు? యముడు. పౌరాణికాలను మన వాళ్ళు ఎంత భక్తిగా తీశారో మీకు తెలుసు. ఆ కిరీటాలు, గదలు, గ్రాంథికం అన్నిటినీ తిరగేసి నవ్వించిన సినిమా 1960లో వచ్చిన దేవాంతకుడు. హీరో ఎన్టీఆర్. యమలోకం వెళ్ళి అక్కడ వాదన పెట్టుకుంటాడు. బెంగాలీలో అంతకు ముందు వచ్చిన సినిమా దీనికి మూలం.

తర్వాత 1977 చూడండి. ఆ ఏడాది సంక్రాంతికి దానవీరశూరకర్ణ వచ్చింది. ఎన్టీఆర్ స్వయంగా డైరెక్ట్ చేసి కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తనే వేశాడు. పౌరాణికం అంటే ఇక ఇదే అన్నంత సీరియస్ సినిమా. అదే ఏడాది యమగోల వచ్చింది. అందులో అదే ఎన్టీఆర్ యమలోకానికి వెళ్ళి అక్కడ పనిచేసే భటులకు హక్కులు, యూనియన్ అంటూ నూరిపోస్తాడు. కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. కిరీటం పెట్టుకుని దేవుడైన మనిషే, కొన్ని నెలల తేడాలో ఆ కిరీటాల మీద జోకులేశాడు. జనం రెండింటినీ చూశారు. తోలుబొమ్మలాట చూసినోళ్ళ మనవలు కదా, తేడా తెలుసు వాళ్ళకు. ఆ తర్వాత 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల. యముడు మనకు ఇంట్లో మనిషి అయిపోయాడు.

1980ల్లో జంధ్యాల గారు దేవుళ్ళను వదిలేసి సినిమానే పట్టుకున్నారు. 1984 శ్రీవారికి ప్రేమలేఖలో శ్రీలక్ష్మి గారి పాత్ర గుర్తుందా? సినిమా పిచ్చి ఉన్న ఇల్లాలు. కథ చెప్పమంటే టైటిల్స్ దగ్గర నుంచి సౌండ్ ఎఫెక్ట్స్‌తో సహా చెప్పుకొస్తుంది. అది సినిమా మీద వేసిన జోక్, సినిమా చూసే మన మీద కూడా వేసిన జోక్. రెండేళ్ళకు, 1986లో, చంటబ్బాయ్. అప్పటికే ఖైదీతో మాస్ హీరో అయిపోయిన చిరంజీవి, జేమ్స్ బాండ్‌కి మన వెర్షన్‌లా జేమ్స్ పాండ్ అని చెప్పుకునే డిటెక్టివ్ వేషం వేశాడు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకుందాం. ఇంత చరిత్ర ఉంది కదా, మరి మన స్టార్ సినిమానే మొదటి నుంచి చివరి దాకా ఆటపట్టించే ఫుల్ లెంగ్త్ స్పూఫ్ ఎందుకు లేటుగా వచ్చింది?

జవాబు కోసం ఇంకో రాష్ట్రం వెళ్ళాలి. మా బోయిగూడ నుంచి సికింద్రాబాద్ స్టేషన్ నడక దూరం. అక్కడ శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరువనంతపురంలో దిగుతాం. కేరళలో ఈ కథ వేరే దారిలో నడిచింది. కొచ్చిలో కళాభవన్ అని ఒక సంస్థ ఉంది, 1969లో మొదలైంది. 1981లో అక్కడి కుర్రాళ్ళు మిమిక్స్ పరేడ్ అని ఒక స్టేజి షో పెట్టారు. ఆరుగురు మనుషులు, ఒక మైకు. స్టార్ల గొంతులు, నాయకుల గొంతులు, సినిమా సీన్లు అన్నీ తిరగేసి మరగేసి ఆడేశారు. ఆ ఆరుగురిలో సిద్దిక్, లాల్ ఇద్దరూ తర్వాత పెద్ద డైరెక్టర్లయ్యారు. హిందీ హేరా ఫేరీకి మూలమైన రాంజీ రావ్ స్పీకింగ్ వాళ్ళదే. జెమినిలో విలన్‌గా మనల్ని భయపెట్టిన కళాభవన్ మణి పేరులోనే ఆ స్టేజి ఉంది. అల వైకుంఠపురములో అల్లు అర్జున్ అసలు తండ్రిగా వేసిన జయరామ్ కూడా ఆ మిమిక్రీ నుంచే వచ్చాడు.

అంటే అక్కడ స్టార్లను అనుకరించి నవ్వించినవాళ్ళే పరిశ్రమలోకి వచ్చి కుర్చీలేసుకుని కూర్చున్నారు. అందుకే 2005లో ఉదయనాను తారం లాంటి సినిమా సాధ్యమైంది. శ్రీనివాసన్ రాశాడు. దొంగిలించిన కథతో సూపర్ స్టార్ అయిపోయిన ఒక డొల్ల మనిషిని అందులో ఉతికి ఆరేశాడు, ఆ వేషం కూడా తనే వేశాడు. పక్కన హీరో ఎవరో తెలుసా? మోహన్‌లాల్. ఒక సూపర్ స్టార్ ఉండి సూపర్ స్టార్ల మీద జోక్ చేయనిచ్చాడు. 1996 అళకియ రావణన్‌లో శ్రీనివాసన్ వేసిన దర్జీ పాత్ర ఒక సుత్తి నవల కథ చెబుతుంది. 2015లో ఆ నవలనే సినిమా తీసేశారు, చిరకొడింజ కినావుకళ్ అని. మలయాళ సినిమా అరిగిపోయిన ఫార్ములాలన్నిటికీ అది స్పూఫ్.

అక్కడ అంతా సాఫీగా జరిగిందని కాదు. 2012లో ఉదయనాను తారంలోని ఆ స్టార్ పాత్రతో సీక్వెల్ వస్తే, ఇది ఫలానా స్టార్‌నే అంటున్నారని పెద్ద గొడవైంది. ఫార్ములాను అన్నంతసేపు అందరూ నవ్వారు. మనిషిని అన్నట్టు అనిపించగానే నవ్వు ఆగింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. బోయిగూడ నుంచి ముషీరాబాద్ దాటితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి. రిలీజ్ రోజు అక్కడ కటౌట్లకు పాలాభిషేకాలు, డప్పులు, పేపర్లు చింపి ఎగరేయడాలు. మాకు హీరో అంటే ఇంటి దేవుడి లెక్క. మరి ఆ దేవుణ్ణి ఆటపట్టించే ధైర్యం ఏ నిర్మాతకు ఉంటుంది? అదొక కారణం.

ఇంకో కారణం నవ్వొచ్చేది. మన ఒరిజినల్స్‌నే దాటడం కష్టం. 2003 పల్నాటి బ్రహ్మనాయుడులో హీరో తొడ కొడితే రైలు వెనక్కి వెళ్తుంది. దీన్ని ఇంకా పెద్దది చేసి ఎలా వెక్కిరిస్తారు చెప్పండి?

2012 ఆగస్టులో సుడిగాడు వచ్చి తలుపు తెరిచింది. తమిళంలో 2010లో వచ్చిన తమిళ్ పడం దానికి ఆధారం. భీమనేని శ్రీనివాసరావు డైరెక్టర్, అల్లరి నరేష్ హీరో. నరేష్ ఎవరు? ఇ.వి.వి. సత్యనారాయణ గారి అబ్బాయి. ఇండస్ట్రీ పిల్లాడు. బాబాయిలను, మామయ్యలను ఇంట్లో పిల్లాడు వెక్కిరిస్తే పెద్దవాళ్ళు ముద్దుగానే చూస్తారు. అదే బయటివాడు చేస్తే?

ఆ బయటివాడు రెండేళ్ళలో వచ్చాడు. సిద్దిపేట దగ్గర మిట్టపల్లి మనిషి, కంసాలి కుటుంబం. సంపూర్ణేష్ బాబు. డైరెక్టర్ సాయి రాజేష్, స్టీవెన్ శంకర్ అని సరదా పేరు పెట్టుకుని తీశాడు. సినిమా పేరు హృదయ కాలేయం, హీరోకు బిరుదు బర్నింగ్ స్టార్. 2013లో పోస్టర్ ఆన్‌లైన్‌లోకి రాగానే షేర్లే షేర్లు. రాజమౌళి కూడా ట్వీట్ చేశాడు. 2014 ఏప్రిల్‌లో రిలీజ్.

నిజం మాట్లాడుకుందాం. ఆ పోస్టర్ చూసి మొదట జనం దేనికి నవ్వారు? చాలామంది ఆ ముఖానికి నవ్వారు. ఇతను హీరోనా అని నవ్వారు. కానీ థియేటర్లో ఏం జరిగిందో చూడండి. సంపూ ఎక్కడా కన్నుకొట్టడు. నేను జోక్ చేస్తున్నా అని హింట్ ఇవ్వడు. పెద్ద స్టార్ ఎంత నమ్మకంగా స్లో మోషన్‌లో నడుస్తాడో అంతే నమ్మకంగా నడుస్తాడు. రైలు జోక్‌ను దాటడం కష్టమని ఇందాక అన్నాను కదా, ఆయన దాటడానికి ప్రయత్నించలేదు. అదే పని పూర్తి సీరియస్‌గా చేశాడు. అప్పుడు ప్రేక్షకుడికి ఒక డౌట్ వస్తుంది: ఇదే సీన్ తెల్లటి, ఎత్తయిన హీరో చేస్తే విజిల్ వేసి, ఇతను చేస్తే ఎందుకు నవ్వుతున్నా? ఆ క్షణంలో నవ్వు ముఖం మీద నుంచి జారి ఫార్ములా మీద పడుతుంది. ఆయన గెలిచింది అక్కడ.

2019లో కొబ్బరి మట్ట. పాపారాయుడు, పెదరాయుడు, ఆండ్రాయుడు, మూడు వేషాలు. మూడు నిమిషాలకు పైగా గుక్క తిప్పుకోకుండా ఒకే డైలాగ్. అనుకరణే కావచ్చు, కష్టం మాత్రం ఒరిజినల్. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఉత్తుత్తి స్టారే లక్ష రూపాయలు విరాళం ఇచ్చాడు.

ఆ సాయి రాజేష్ ఏమయ్యాడు? నేషనల్ అవార్డు వచ్చిన కలర్ ఫోటోకు కథ ఇచ్చాడు. రంగు చూసి మనిషిని తక్కువ చేయడం గురించే ఆ సినిమా. తర్వాత బేబీ తీసి స్క్రీన్‌ప్లేకి నేషనల్ అవార్డు తీసుకున్నాడు. జబర్దస్త్ స్కిట్లతో మనల్ని నవ్వించిన వేణు 2023లో బలగం తీసి ఊళ్ళకు ఊళ్ళను ఏడిపించాడు. స్కిట్లలో, స్పూఫుల్లో నవ్వించిన చేతులే ఇవి. కొచ్చి స్టేజి మీద జరిగిందే మన దగ్గర కూడా జరిగింది, కొంచెం లేటుగా.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మా గల్లీలో ఒక తమ్ముడు ఉండేవాడు. డిపోలో కట్టెలు మోసేవాడు. సాయంత్రం అదే కట్టెల మీద ఎక్కి హీరో డైలాగులు చెప్పి రీల్స్ పెట్టేవాడు. బాగా చేసేవాడు కూడా. ఎవరో వాడి వీడియో తీసి, వాడి పళ్ళ మీద జూమ్ చేసి, ఒక మ్యూజిక్ పెట్టి వదిలారు. రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. మా దోస్తుల గ్రూపులోకి కూడా వచ్చింది. వాడు అకౌంట్ తీసేశాడు. మళ్ళీ కట్టెల మీద నిలబడలేదు. ఆ వీడియో చేసినవాళ్ళు కూడా కామెడీ అనే అన్నారు. ట్రోల్‌కి, స్పూఫ్‌కి తేడా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

తేడా చరిత్రలోనే ఉంది. సోమయాజులు వేషం వేసినవాడు తనకంటే పెద్దవాణ్ణి అనుకరించాడు, అది కూడా ఎదురుగా నిలబడి. జరుక్ శాస్త్రి తాను వెక్కిరించిన కవిత్వాన్ని ముందు పొల్లుపోకుండా చదివాడు. కళాభవన్ కుర్రాళ్ళు స్టార్ గొంతును నెలలు నెలలు సాధన చేశారు. సంపూ తన ముఖాన్నే పందెం పెట్టాడు. పళ్ళ మీద జూమ్ చేసినవాడు ఏం నేర్చుకున్నాడు, ఏం పందెం పెట్టాడు?

స్పూఫ్ చేయండి, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. మీ అభిమాన హీరోనే చేయండి, వాడి ఇంట్రో సీన్ మీకు నిద్రలో కూడా వస్తుంది కదా. ఫ్యాన్స్ తిడితే తిట్టనివ్వండి. కట్టెలు మోసేవాడి వీడియో గ్రూపులోకి వచ్చినప్పుడు మాత్రం ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్కసారి చూసుకోండి, నవ్వు ఎవరి మీద పడుతోందో.

వచ్చే ఎపిసోడ్‌లో మన మిమిక్రీ గురించి మాట్లాడుకుందాం, వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారి నుంచి మొదలుపెట్టి. అప్పటిదాకా ఉంటా మరి. నమస్తే.