రెండు వైర్లు, ఒకే స్తంభం

పోయిన వానాకాలం మా అమ్మాయికి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. నెట్ పోతుందేమోనని మావారు ముందుజాగ్రత్తగా రెండు కంపెనీల కనెక్షన్లు పెట్టించారు. ఒకటి పోతే రెండోదానికి దానంతటదే మారే రౌటర్ కూడా కొన్నారు. ఇంటర్వ్యూ సగంలో ఉండగా వీధిలో చెట్టుకొమ్మ విరిగి పడింది. రెండు వైర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తున్నాయి, రెండూ తెగాయి! నా ఫోన్ హాట్‌స్పాట్‌తో మళ్లీ కలిసేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ ఉద్యోగం రాలేదు. అందువల్లే అనను కానీ, అప్పటి పిల్ల ముఖం మర్చిపోలేను.

"మనకే కాదు వదినా, దేశాలకే ఇలా జరిగింది" అన్నాడు నెట్‌వర్క్ పని చేసే మా మరిది. ఆ మాట పట్టుకుని కాస్త చదివాను.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర, సముద్రం అడుగున సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు పెద్ద కేబుళ్లు ఒకే రోజు తెగాయి. మన దేశం నుంచి పడమటికి వెళ్లే నెట్‌లో చాలా భాగం వాటి మీదే నడిచేది. యజమానులు వేరు, దారి మాత్రం ఒకటే. అచ్చం మా స్తంభం లాగే! మన కంపెనీలు తూర్పున పసిఫిక్ వైపు దారి మళ్లించాయి కాబట్టి నెట్ నెమ్మదించిందే తప్ప పూర్తిగా ఆగలేదు.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో ర్యాండ్ సంస్థలో పనిచేసిన పాల్ బారన్, అణుదాడి జరిగినా సమాచారం అందేదెలా అని లెక్కలు వేసి 1964లో నివేదికలు ప్రచురించాడు. అన్నీ ఒక్క కేంద్రానికే కట్టకుండా చేపల వల లాగా అల్లాలన్నాడు. ఒక్కో ముడికి మూడు, నాలుగు దారులున్నా వల చాలా దెబ్బలు తట్టుకుంటుందని తేల్చాడు. 1969లో మొదలైన ఆర్పానెట్‌ను కట్టింది అణుయుద్ధం కోసం కాదు, దూరంగా ఉన్న కంప్యూటర్లను కలిసి వాడుకోవడానికి. అయినా అదీ అలాంటి వలే.

ప్రపంచమంతా వల అల్లుకున్నా, మన గుమ్మం దాకా వచ్చేది ఒక్క దారమే. ఆ చివరి దారానికే ఈ రెండో కనెక్షన్. రౌటర్ బయట ఉన్న ఏదో ఒక చిరునామాను మాటిమాటికీ పలకరిస్తుంది. వరసగా కొన్నిసార్లు జవాబు రాకపోతే రెండో దారికి మారుతుంది, మొదటిది బాగయ్యాక వెనక్కి వస్తుంది. మారేటప్పుడు వీడియో కాల్ ఒక్కోసారి తెగుతుంది, మళ్లీ కలుపుకోవాలి. కానీ రెండూ ఒకే స్తంభం మీద వస్తే, ఒకే బోరుకు రెండు మోటార్లు బిగించినట్టే.

ఇప్పుడు మా ఇంట్లో ఒకటి ఫైబర్, రెండోది వేరే కంపెనీ సిమ్. కరెంటు పోతే రెండూ దండగే కనుక రౌటర్‌ని ఇన్వర్టర్‌కి కలిపాం.

వచ్చే వారం అమ్మాయికి ఇంకో ఇంటర్వ్యూ ఉంది. నిన్న రాత్రి తను అటువైపు ఫ్రెండ్‌తో మాట్లాడుతుంటే, చెప్పకుండా ఫైబర్ వైరు పీకాను. ఒక్క క్షణం ఆగి, మాట మళ్లీ సాగింది.