కనబడలేదు వేరు, లేదు వేరు

జెద్దాలో మా ఇంటి వెనక ఖర్జూరపు చెట్ల మీద సాయంత్రం రామచిలుకలు వాలతాయి. ఇవి ఈ దేశపు పక్షులు కావు. పంజరాల్లోంచి తప్పించుకుని ఇక్కడే కాపురం పెట్టినవి. చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టి విజయవాడలో ఉన్న అమ్మమ్మకి ఫోన్లో చెప్పేదాన్ని.

"నలభై రెండు, అమ్మమ్మా!"

"ఎగిరేవాటిని అంత కచ్చితంగా ఎలా లెక్కపెట్టావే? ఉజ్జాయింపుగా చెప్పు" అనేది.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఒక్కొక్కటీ చూసి చెప్పేది లెక్క. చూసినదాన్ని బట్టి చూడనిదాని గురించి చెప్పేది ఉజ్జాయింపు. దాన్నే అంచనా అని కూడా అంటారు.

అంచనా మీద ఒక పక్షి బతుకే ఆధారపడి ఉంటుందని అసీర్ కొండల్లో తెలుసుకున్నాను. సౌదీ అరేబియా అంటే అందరికీ ఎడారే గుర్తొస్తుంది. కానీ నైరుతి మూలన, సుమారు 2,000 మీటర్ల పైన, జూనిపర్ అడవులున్నాయి. ప్రపంచంలో అక్కడ మాత్రమే ఉండే పక్షి అసీర్ మాగ్‌పై. కాకి జాతిది. నలుపూ తెలుపూ రంగులు, పొడవైన తోక. దీనికి తెలుగులో పేరు ఉందా అని అమ్మని అడిగాను. "మన ఊళ్లో లేని పిట్టకి మనమెందుకు పేరు పెడతాం?" అంది.

శాస్త్రంలో దీనికి పేరు పెట్టింది 1936లో, బేట్స్ అనే పక్షి శాస్త్రవేత్త. అది ఫిల్బీ కాలం. ఇబ్న్ సౌద్ రాజుకి సన్నిహితుడైన ఆ ఆంగ్లేయుడు అరేబియా అంతా తిరుగుతూ లండన్ మ్యూజియంకి పక్షుల్ని పంపేవాడు. అప్పట్లో దీన్ని మామూలు మాగ్‌పైలో ఒక రకం అనుకున్నారు. అలాంటప్పుడు ఎన్ని ఉన్నాయని ఎవరు అడుగుతారు? మాగ్‌పైలు యూరప్ నిండా ఉన్నాయి కదా! తర్వాత దీన్ని వేరే జాతిగా గుర్తించారు. 2018లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం కూడా ఇది చాలా పూర్వమే విడిపోయిందని చూపించింది. పక్షి మారలేదు, ప్రశ్న మారింది.

మరి ఎలా లెక్కపెడతారు? చిలుకలైతే సాయంత్రం అన్నీ ఒకే చోటికి చేరతాయి కాబట్టి అక్కడ కాపు కాసి లెక్కపెట్టొచ్చు. ప్యూర్టో రికోలో అక్కడి ఆకుపచ్చ చిలుకలు 1975లో అడవిలో 13 మాత్రమే మిగిలాయి. అంత తక్కువైతే అది అంచనా కాదు, లెక్కే. పెద్ద మైదానాల్లో తిన్నగా ఒక గీత వెంట వెళ్తూ, కనిపించిన ప్రతి జంతువూ గీతకి ఎంత దూరంలో ఉందో రాసుకుంటారు. దగ్గరవి దాదాపు అన్నీ కనబడతాయి, దూరంవి తక్కువ కనబడతాయి. ఎంత తగ్గాయో చూసి, ఎన్ని తప్పిపోయాయో అంచనా వేస్తారు. మాగ్‌పై అలా కాదు. ఒక జత ఒక లోయని పట్టుకుని ఉంటుంది. అందుకే జతల్ని, గూళ్లని వెతకాలి. అలా వేసిన అంచనా సుమారు 100 జతలు. పెద్ద పక్షులు 250 కన్నా తక్కువ ఉన్న జాతిని అంతర్జాతీయ జాబితాలో "అంతరించే ప్రమాదంలో ఉన్నది" అని చేరుస్తారు. అందులో ఇదీ ఉంది.

పోయిన చలికాలం మేము అల్ నమాస్ వెళ్లాం. పొగమంచు. కొన్ని జూనిపర్ చెట్లు పైనుంచి ఎండిపోయి ఉన్నాయి. రెండు రోజులు తిరిగాం. నాన్న టీ ఫ్లాస్కు ఖాళీ అయింది కానీ పిట్ట జాడ లేదు. రాత్రి నా నోట్‌బుక్‌లో "ఇక్కడ మాగ్‌పై లేదు" అని రాశాను. అమ్మ పెన్ను తీసుకుని దిద్దింది: "కనబడలేదు అని రాయి. లేదు అని చెప్పడానికి మనమెవరం?"

నేను వ్యాకరణం తప్పు అనుకున్నాను. అది వ్యాకరణం కాదు. "కనబడలేదు" నా గురించిన మాట. "లేదు" పక్షి గురించిన మాట. మొదటిది రాయడానికి రెండు రోజులు చాలు. రెండోది రాయాలంటే ఏళ్ల తరబడి ప్రతి లోయా వెతకాలి. అరేబియా ఉష్ట్రపక్షి విషయంలో ఆ రెండో మాటే రాయాల్సి వచ్చింది. తుపాకులూ మోటారు కార్లూ వచ్చాక 20వ శతాబ్దం మధ్యకల్లా అది పూర్తిగా పోయింది. మాగ్‌పై గురించి తొందరపడి "లేదు" అంటే, ఆ అడవిని కాపాడాల్సిన అవసరమూ లేదని ఎవరైనా అనొచ్చు.

తిరిగొచ్చాక మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి "ఈ పిల్లలకి తెలుగు లేదండీ" అన్నారు. నేను సిగ్గుపడి ఏమీ మాట్లాడలేదు. కానీ లోపల అమ్మ దిద్దుబాటు గుర్తొచ్చింది. లేదు కాదండీ, మీకు ఇంకా వినబడలేదు.

ఈసారి నేర్చుకున్న మాటలు: ఉజ్జాయింపు, అంచనా, జాడ, కాపు కాయడం. మీ ఇంట్లో "ఉజ్జాయింపుగా" అనేవాళ్లు ఎవరు? అడిగి చూడండి.