గౌరి ఆపరేషనూ, నా పోపుల డబ్బా డబ్బులూ

గౌరి మా కుక్క కాదు. మేము కొన్నదీ కాదు, గొలుసు వేసి కట్టిందీ కాదు. మూడేళ్ల కిందట ఓ వానరోజు మా గేటు పక్కన చేరింది. పొద్దున ఇంత పెరుగన్నం, రాత్రి మిగిలిన చపాతీ. అలా మాదైపోయింది. ఏడాది తిరక్కుండా రెండుసార్లు ఈనింది. మొదటి ఈతలో ఆరు పిల్లలు, మిగిలినవి రెండు. రెండో ఈతలో ఐదు, మిగిలింది ఒక్కటే. కొన్ని కారు చక్రాల కింద, కొన్ని వానకి పోయాయి. ఒక్కోదాన్నీ పాతగుడ్డలో చుట్టి మావారు తీసుకెళ్లి పూడ్చి వస్తుంటే, గౌరి ఆయన వెనకే వెళ్లేది. మీలో తల్లులైన వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక మూడోసారి వద్దనుకుని జంతువుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మందులతో సహా ఆరువేలు అవుతుందన్నారు. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు, "వీధికుక్కకి ఆరువేలా? పైగా దాని కడుపు కోయిస్తావా? ఆ ఉసురు మనకెందుకే" అన్నారు. మావారు పేపర్లోంచి తల ఎత్తలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? నాలాంటి వాళ్లకి ఇంతకుముందు ఎవరైనా సాయం చేశారా? మర్నాటి నుంచి వంట అయ్యాక కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఇది పెద్ద చరిత్రే అని తెలిసింది.

మొదట అమెరికా సంగతి. అక్కడ ఊరూరా షెల్టర్లలో, ఎవరూ పెంచుకోని కుక్కల్నీ పిల్లుల్నీ ఏటా లెక్కలేనన్ని చంపేసేవాళ్లు. 1957లో న్యూయార్కులో ఆలిస్ హెరింగ్టన్ అనే ఆవిడ 'ఫ్రెండ్స్ ఆఫ్ యానిమల్స్' అనే సంస్థ పెట్టారు. పుట్టాక చంపే బదులు పుట్టకుండానే చూద్దాం, అదీ మామూలు జీతగాళ్లు భరించగలిగే ఖర్చులో చూద్దాం అన్నది వాళ్ల పద్ధతి. తక్కువ ధరకి సంస్థ దగ్గర ఒక చీటీ కొనుక్కుని, వాళ్లతో ఒప్పందం ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆపరేషన్ చేస్తారు. 1971లో లాస్ ఏంజెలెస్ నగరపాలక సంస్థ తానే తక్కువ ధర ఆపరేషన్ల క్లినిక్ తెరిచింది. 1983లో న్యూజెర్సీ రాష్ట్రం ఇంకో మంచి ఉపాయం చేసింది. ఆపరేషన్ చేయించని కుక్కకి లైసెన్సు తీసుకునేటప్పుడు కొంత ఎక్కువ రుసుము కట్టించుకుని, ఆ సొమ్ముతో ప్రభుత్వ సాయం మీద బతికే పేదవాళ్ల జంతువులకి నామమాత్రపు ధరకి ఆపరేషన్లు చేయించే చట్టం తెచ్చింది. ఉన్నవాడి దగ్గర కాస్త తీసుకుని లేనివాడికి సర్దడం. మనం ఇంట్లో చేసేదీ అదే కదా!

మన దగ్గర కథ మద్రాసులో మొదలవుతుంది. కెప్టెన్ సుందరం, ఆయన భార్య ఉష, ఇద్దరూ విమానాలు నడిపినవాళ్లే. 1959లో వాళ్లింట్లో మొదలైన పని 'బ్లూ క్రాస్' సంస్థ అయింది. అప్పటికే మద్రాసు కార్పొరేషను ఎన్నో ఏళ్లుగా వీధికుక్కల్ని పట్టి చంపుతోంది. అయినా కుక్కలు తగ్గలేదు. ఒక వీధిలో కుక్కల్ని తీసేస్తే అక్కడి ఎంగిలి మెతుకులకి పక్కవీధి కుక్కలు వస్తాయి, మిగిలినవి ఈనుతూనే ఉంటాయి. రెండు నెలల్లో ఈత వచ్చే ప్రాణిని చంపుతూ ఎంతకని తగ్గిస్తారు? 1964 నుంచే బ్లూ క్రాస్ వాళ్లు ఆపరేషన్ల దారి చెబుతూ వచ్చారు. కార్పొరేషను ఒప్పుకున్నది 1996లో. అంటే ముప్ఫై రెండేళ్లు!

2001లో కేంద్రం దేశమంతటికీ నియమాలు చేసింది. వీధికుక్కని పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ ఆ వీధిలోనే వదలాలి. గుర్తుగా చెవి కొస కాస్త కత్తిరిస్తారు. 2023లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. అయితే 2001 నాటి నియమాల్లోనే ఒక మెలిక ఉంది. వీధికుక్కలైతే మున్సిపాలిటీలూ, జంతు సంక్షేమ సంస్థలూ చూసుకోవాలి. పెంపుడు కుక్క అయితే బాధ్యత యజమానిదే. మరి గౌరి ఏ పద్దులోకి వస్తుంది? తిండి పెట్టేది నేను, పడుకునేది వీధిలో. మన ఊళ్లలో కుక్కల్లో చాలావరకు ఇలా సగం ఇంటివీ సగం వీధివీ. వాటికి అన్నం పెట్టేది ఎక్కువగా మనలాంటి ఆడవాళ్లమే. చేతిలో సొంత సంపాదన లేనివాళ్లమూ మనమే.

చివరికి మా దగ్గరున్న ఒక జంతు సంక్షేమ ట్రస్టు వాళ్లు, మందుల ఖర్చు ఇస్తే చాలు, ఆపరేషన్ చేస్తామన్నారు. పదిహేను వందలు. పోపుల డబ్బాలో దాచుకున్నవి తొమ్మిది వందలు తీశాను. ఎదురింటి పిన్నిగారు మూడు వందలు, పైవాటాలో అద్దెకున్న అమ్మాయి మూడు వందలు ఇచ్చారు. అడిగితే ఇస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కసందులో ఒకాయన దగ్గర మగకుక్క ఉంది. దానికీ చేయించండి, సులువు, ఖర్చు కూడా తక్కువ అన్నాను. "మగదానికెందుకమ్మా" అన్నాడాయన. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన ఇళ్లల్లోనూ ఆ ఆపరేషన్ ఎవరు చేయించుకున్నారో మీకు తెలుసుగా.

గౌరిని తెచ్చిన రోజు వరండాలో గోనెపట్టా పరిచాను. మూడోరోజుకి కాస్త తిరుగుతోంది కదా, బయటికి వదిలేద్దామా అని మావారన్నారు. లోపల్నుంచి అత్తగారు వచ్చారు. "నాకు క్యాంపులో ఆపరేషన్ చేసిన మూడోరోజే పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. నడుంనొప్పి ఇప్పటికీ పోలేదు. దాన్ని పదిరోజులు కదపొద్దు" అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ నోట ఈ మాట నేను వినడం అదే మొదలు. మావారు విన్నదీ అప్పుడేనట.

పదిరోజులూ గౌరికి అన్నం కలిపింది ఆవిడే. ఇప్పుడు పోపుల డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా పెట్టాను. పిన్నిగారు నెలకో యాభై వేస్తున్నారు. పక్కవీధిలో ఇంకో ఆడకుక్క కట్టుమీద ఉన్నట్టుంది. ఈనాక, పిల్లలు పాలు మానాక, దాని వంతు.