విన్నదొకరు, తేల్చిందొకరు

కంకిపాడు సెంటర్లో ఇప్పటికీ బస్సులు ఆగుతాయి. బందరు నుంచి వచ్చేవి, ఉయ్యూరు నుంచి వచ్చేవి, బెజవాడ నుంచి వచ్చి జనాన్ని దింపి ముందుకు పోయేవి. అందుకని బందరు రోడ్డు మీద బస్సు కథ ముగిసిందంటే ఎవరూ నమ్మరు. బస్సు ఉంది. ఒకప్పుడు దానికున్న పెద్దరికమే పోయింది. అది వస్తుంటే రోడ్డు తప్పుకున్న రోజులుండేవి. ఇప్పుడు ముందున్న షేర్ ఆటో నిండేదాకా అదే వెనక నిలబడి హారన్ కొట్టుకుంటోంది. ఈ పతనం ఒక్కనాటిది కాదు, ఒక్కరి వల్ల వచ్చిందీ కాదు. ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చారు. బస్సెక్కేవాడిని మాత్రం ఎవరూ అడగలేదు.

కంకిపాడుకు చివరికి రోడ్డే దిక్కయింది. కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి లేచాక డెల్టా కాలువల్లో సరుకు పడవలు, జనం పడవలు చాలాకాలం తిరిగాయి. 1908లో బెజవాడ నుంచి బందరుకు రైలు వేశారు గానీ, అది గుడివాడ మీదుగా చుట్టి పోయింది. కంకిపాడు, ఉయ్యూరు దాని కూత వినలేదు. పడవల కాలం దాటిపోయాక ఈ ఊళ్లకు మిగిలింది నల్లరేగడి చేల మధ్య సాగే బందరు రోడ్డు, దాని మీద తిరిగే మోటారు బస్సులు.

ఆ బస్సులు అప్పట్లో ప్రైవేటువి. 1957లో రాష్ట్ర ప్రభుత్వం కృష్ణా జిల్లా బస్సులను జాతీయం చేయడానికి స్కీము తెచ్చింది. యజమానులు ఊరుకోలేదు. చట్టం ఇచ్చిన హక్కు ప్రకారం అభ్యంతరాలు దాఖలు చేశారు. హోం శాఖ కార్యదర్శి కూర్చుని వాళ్ల వాదన విన్నారు. ఆ మీదట రవాణా శాఖ కూడా తన చేతిలోనే ఉన్న ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్కీమును ఆమోదించారు. 1958 జనవరి 11న ఆర్టీసీ పుట్టింది. యజమానులు సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

అదే గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు. ఈనాటికీ లా కాలేజీల్లో పాఠంగా చెబుతారు. 1958 నవంబరులో మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు మన గోదావరి ఒడ్డువాడే. వాదన విన్నది ఒకరూ నిర్ణయం తీసుకున్నది ఇంకొకరూ అయితే ఆ విచారణకు అర్థం లేదని, అది తంతు మాత్రమేనని ఆయన తేల్చారు. ప్రభుత్వ ఉత్తర్వును కోర్టు కొట్టేసింది. ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు, విని తోసిపుచ్చారు. యజమానులు మళ్లీ ఢిల్లీ వెళ్లారు. 1959లో ఈ రెండో నిర్ణయం నిలబడింది. వాళ్లు ఓడారు. కానీ వాళ్ల మాట రాష్ట్రంలో అందరికన్నా పెద్ద కుర్చీలో ఉన్న మనిషి చెవిన పడింది. అంత పెద్ద వ్యాజ్యంలో బస్సెక్కే జనం మాత్రం ఏ పక్షంలోనూ లేరు. అప్పుడు ఆ లోటు ఎవరికీ కనబడలేదు. రాబోయేది మంచి కాలమే.

నిజంగానే మంచి కాలం వచ్చింది. ఎర్రబస్సు వచ్చాక బెజవాడ అందుబాటు దూరంలోకి వచ్చింది. తెల్లవారుజామున టాపు మీద కూరగాయల గంపలు, పెరుగు కుండలు. ఎనిమిది దాటితే ఫుట్‌బోర్డు మీద కాలేజీ పిల్లలు, చొక్కా జేబులో పాసు. మధ్యాహ్నం ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు. సాయంత్రం గాంధీనగర్ సినిమా హాళ్లకు పోయేవాళ్లు. వాళ్లకు హీరో కన్నా ఆఖరి బస్సు టైమే ముఖ్యం. 1990లో కృష్ణలంక పక్కన పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ తెరిచారు. ఆసియాలోని పెద్ద బస్టాండ్లలో అదొకటని ఊరు ఊరంతా చెప్పుకుంది. బస్సు వైభవానికి అదే శిఖరం. దిగడం కూడా అక్కడి నుంచే మొదలైంది.

మొదటి దెబ్బ చప్పుడు లేకుండా తగిలింది. వాయిదాల మీద మోటారు సైకిళ్లు వచ్చాయి. కానూరు, పోరంకి చుట్టూ కాలేజీలు లేచి, పిల్లలను ఇంటి ముందే ఎక్కించుకునే పసుపు పచ్చ బస్సులు తిప్పాయి. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలు ఆర్టీసీ దిగిపోయారు. బస్సు ఆలస్యమైతే డిపో మేనేజరుకు ఫోను చేసి గట్టిగా అడిగే తండ్రులు కూడా వాళ్లతోపాటే దిగిపోయారు. మిగిలింది కూలికి పోయేవాళ్లు, షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు, ముసలివాళ్లు. బస్సు రాకపోతే వాళ్లు అర్జీ పెట్టరు, షేర్ ఆటో ఎక్కుతారు. ఆటో వచ్చి బస్సు ఆక్యుపెన్సీని తినేసింది. ఆక్యుపెన్సీ తగ్గిందని సర్వీసు తగ్గింది. సర్వీసు తగ్గిందని ఇంకొందరు ఆటో ఎక్కారు. ఆటో డ్రైవర్లను తప్పు పట్టలేం, బస్సు వదిలేసిన ఖాళీలోనే వాళ్లు నాలుగు మెతుకులు వెతుక్కున్నారు.

రెండో దెబ్బ మేలు చేస్తామంటూ వచ్చింది. 2005 డిసెంబరులో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పేరిట పట్టణ నవీకరణ పథకం మొదలుపెట్టింది. దాని కింద విజయవాడకు బీఆర్‌టీఎస్ మంజూరైంది: 15.5 కిలోమీటర్లు, రూ.152.64 కోట్లు. బస్సుకు రోడ్డు మధ్యలో సొంత దారి, ఇంకే బండీ అందులోకి రాకూడదు. బ్రెజిల్లోని కురిటీబా 1974లోనే చేసి చూపించిన పద్ధతి ఇది. సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు నడిచిన జాగాలో పట్టాలు తీసి విశాలమైన రోడ్డు వేశారు. మధ్యలో బస్సు దారి, దానికి అటూ ఇటూ రెయిలింగు. చూడముచ్చటగా ఉంది. అనుకున్న బస్సులే అనుకున్నట్టు తిరగలేదు. ఆ మధ్య దారి బోసిపోయింది. ఏళ్లు గడిచాక దానికి మిగిలింది పేరొక్కటే. అక్కడివాళ్లకు బీఆర్‌టీఎస్ అంటే ఓ అడ్రసు.

ఇందులో బందరు రోడ్డు నష్టం వేరు. పట్టాలు తీసిన చోట ఎవరి దుకాణమూ కూల్చక్కర్లేదు, ఎవరి పార్కింగూ తియ్యక్కర్లేదు. తగాదా లేని జాగా గనక బస్సు దారి అక్కడ లేచింది. పటమట నుంచి పెనమలూరు దాకా ప్రతి అడుగుకూ ఒక హక్కుదారు ఉన్న బందరు రోడ్డు మీద బస్సుకంటూ ఒక్క గీత గీయలేదు. గీయాలంటే కారువాడితో, షాపువాడితో, బడ్డీ కొట్టువాడితో కూర్చుని మాట్లాడాలి, చివరికి ఒకరికి కాదని చెప్పాలి. ఆ మాటను తప్పించుకోవడానికే ఖాళీ జాగా వెతికారు.

దేశంలో బస్సు దారులు కూలిన వేరే ఊళ్లలో వరస ఇంకోలా ఉంది. ఢిల్లీలో అంబేద్కర్ నగర్, మూల్‌చంద్ మధ్య 2008లో తెరిచిన దారిని కార్లవాళ్లు మొదటి రోజు నుంచే తిట్టారు, 2016లో పెకలించారు. భోపాల్లో 2024లో తీసేయడం మొదలుపెట్టారు. ఆ రెండు చోట్లా బస్సు తిరిగింది, తిరిగాక గొడవ పడి పోగొట్టుకున్నారు. అహ్మదాబాద్‌లో మాత్రం 2009లో మొదలైన జన్‌మార్గ్ ఇంకా తిరుగుతోంది. విజయవాడ బస్సు దారికి శత్రువులు కూడా లేరు. ఉండీ లేనట్టున్నదాన్ని ఎవరు మాత్రం తిడతారు?

ఆ తరవాత వంతెనలు వచ్చాయి. 2020లో విజయవాడ బెంజి సర్కిల్ మీద ఫ్లైఓవర్ తెరిచారు. చెన్నై, కోల్‌కతా దారిన పోయే లారీలు, కార్లు ఆగకుండా పైనుంచి పోతున్నాయి. మంచిదే. కంకిపాడు నుంచి బస్టాండుకు వచ్చే బస్సు దారి మాత్రం దాన్ని అడ్డంగా దాటేది, కింద నుంచి. ఊరు దాటిపోయేవాడికి పైదారి, ఊళ్లోకి వచ్చేవాడికి సిగ్నలు. బందరుదాకా రోడ్డు నాలుగు వరసలైంది. వేగం పెరిగింది, మధ్యలో డివైడరు లేచింది. సాయంత్రం బస్సు దిగిన మనిషి ఇల్లు అవతలి పక్కనుంటే, ఆ వేగాన్ని కాలినడకన దాటాలి.

ఇక మెట్రో. 2014 రాష్ట్ర విభజన చట్టంలో విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యమా అని పరిశీలించాలని రాశారు. ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ సలహాదారుగా వచ్చారు. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ నివేదిక ఇచ్చింది: రెండు మార్గాలు, 26.03 కిలోమీటర్లు, రూ.6,769 కోట్లు. బస్టాండు నుంచి ఏలూరు రోడ్డు మీద నిడమానూరుకు ఒకటి, బందరు రోడ్డు మీద పెనమలూరుకు ఒకటి. ఎవరి ఇల్లు పోతుంది, ఎవరి కొట్టు సగమవుతుంది, గజానికి ఎంతిస్తారు అని రెండు రోడ్ల మీదా ఒకటే చర్చ. 2016లో టెండర్లు పిలిచారు, ధరలు ఎక్కువగా ఉన్నాయని రద్దు చేశారు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చింది, పాత కాగితాలు చెల్లకుండా పోయాయి. తరవాత లైట్ మెట్రో అన్నారు. 2019లో ప్రభుత్వం మారింది, ఆ మాటా ఆగింది. మళ్లీ ప్రభుత్వం మారాక, 2024 డిసెంబరులో, గన్నవరందాకా ఒకటీ పెనమలూరుదాకా ఒకటీగా 38.4 కిలోమీటర్లకు రూ.11,009 కోట్ల అంచనాతో రాష్ట్రం ఆమోదం తెలిపింది.

పదేళ్లలో ఖర్చు మారింది, పొడవు మారింది, ఏలూరు రోడ్డు మార్గం సాగి విమానాశ్రయందాకా పోయింది. బందరు రోడ్డు మార్గం మాత్రం పెనమలూరు దాటలేదు. ఆ తరవాత గంగూరు, ఈడుపుగల్లు, ఆపైన కంకిపాడు. మెట్రో వచ్చినా కంకిపాడువాళ్లు దాన్ని అందుకోవాలంటే ఏదో ఒకటి ఎక్కక తప్పదు. ఎక్కేది ఏమిటో ఏ గీతలోనూ కనబడదు. గన్నవరంలో విమానం దిగేవాడి కోసం మార్గం సాగింది. రోజూ బెజవాడ పోయి రాత్రికి ఇల్లు చేరేవాడి కోసం సాగలేదు. పైగా పదేళ్లుగా ఎప్పుడు బస్సు సంగతి ఎత్తినా మెట్రో వస్తోందిగా అన్న జవాబు సిద్ధంగా ఉంది. రాని మెట్రో ఉన్న బస్సుకు చేసిన చేటు అదే.

అడగాలంటే కూడా ఎవరిని అడగాలి? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. కంకిపాడు, పెనమలూరు బందరు ముఖ్యపట్టణంగా ఉన్న కృష్ణా జిల్లాలో మిగిలాయి. కంకిపాడు మనిషి బతుకు తెరువు పడమరన, అర్జీ పెట్టాల్సిన కలెక్టరేటు తూర్పున. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశారు. ఉద్యోగికి భద్రత వచ్చింది, సంతోషించాల్సిందే. ప్రయాణికుడి మాటకు ఆ విలీనంలో కొత్తగా చోటేమీ దొరకలేదు. బస్సు ఒక శాఖది, రోడ్డు ఒక సంస్థది, మెట్రో మరో కార్పొరేషనుది. వినేవాళ్లు చాలామంది, తేల్చేవాళ్లు వేరే. సుబ్బారావు గారు తంతు అన్నది సరిగ్గా దీన్నే.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. జనం బస్సు మానేశారు గనక బస్సు తగ్గించామన్న పాత లెక్క ఆనాటితో తేలిపోయింది. ఎక్కాలన్న కోరిక జనంలో ఎప్పుడూ చావలేదు. ఆదాయం తగ్గిన ఆటోవాళ్లు రోడ్డెక్కారు, ప్రభుత్వం వాళ్లతో మాట్లాడింది, ఏడాదికి రూ.15,000 సాయం ప్రకటించింది. అదీ న్యాయమే. అడిగినవాళ్ల మాట విన్నారు. కానీ నిండిన బస్సు కూడా అదే బెంజి సర్కిల్ దగ్గర, అదే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. డబ్బుతో టికెట్టు తీసేయొచ్చు. దారి మాత్రం ఇంకొకరి దగ్గర నుంచి అడిగి తీసుకోవాలి.

1958లో బస్సు యజమానులకు చట్టం ఒక కుర్చీ వేసింది. 2015లో రోడ్డు పక్క స్థలం ఉన్నవాళ్ల గోడు కొంతైనా చర్చకొచ్చింది. 2025లో ఆటోవాళ్లకు పిలుపొచ్చింది. ఆస్తో, సంఘమో ఉన్నవాడికి దక్కిన ఆ కుర్చీ ఉదయం ఏడింటికి కంకిపాడు సెంటర్లో నిలబడినవాడికి ఇంతవరకూ దక్కలేదు. రేపు బందరు రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచే రోజు వస్తే, రోడ్డు ఇరుకవుతుంది, మొదట దారి తప్పించేది బస్సునే. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టే అధికారి ఎవరో ఆయనే ముందు కంకిపాడు వచ్చి, బస్సు కోసం నిలబడినవాళ్ల మాట విని, కాదనాలంటే వాళ్ల ముందే కాదనాలి. 1958లో ఇదే జిల్లా కేసులో దేశానికి చెప్పిన ధర్మం అది. యజమానులకు చెల్లినది ప్రయాణికులకు చెల్లకుండా పోవడమే ఈ బస్సు కథలో అసలు విషాదం.