కొలువు మెట్టుపై రాక్షసబల్లి

దసరా తొమ్మిది దినములును వేలూరు, గుడియాత్తము పట్టణములలోని తెలుగు గృహములలో బొమ్మల కొలువు తీర్చుట పూర్వాచారము. కోస్తా ప్రాంతమున పలువురు సంక్రాంతికి కొలువు పెట్టుదురు. ఇచ్చటివారు రాయలసీమవారివలెను, తమిళ సోదరులవలెను దసరాకే పెట్టుదురు. ఇందులో వింత యేమియు లేదు. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా యేర్పడువరకు ఈ రెండు ఊళ్లును చిత్తూరు ముఖ్యపట్టణముగా గల ఉత్తరార్కాటు జిల్లాలోనివే. ఎల్లలు మారినవి గాని పండుగలు మారలేదు.

కొలువునకు ముఖ్యమైన నియమ మొకటి కలదు. పాత బొమ్మలతోబాటు ఏటేట ఒక క్రొత్త బొమ్మనైనను చేర్చవలెను. పుట్టింటినుండి వచ్చిన మరపాచి జంట, కొండపల్లి బొమ్మలు, కంచిలోను పణ్రుట్టిలోను చేసిన మట్టి, కాగితపుగుజ్జు బొమ్మలు—ఇట్లు తరతరముల కొనుగోళ్లు ఒక పెట్టెలో చేరి, ఏడాది కొక్కమారు వెలుపలికి వచ్చును. సేకరణ మన కెవరో నేర్పిన విద్య కాదు. నేటి బాలురు ప్లాస్టిక్ డైనోసార్ బొమ్మలను ప్రోగుచేసి అలమరలో వరుసగా నిలుపుటను చూచి ఇది విదేశపు వ్యామోహమని పెద్దలు విసుగుకొనుట కలదు. కాని ఆ బాలుని అవ్వ చేసినదియు ఇదియే.

ఇప్పుడీ రెండు సేకరణలును ఒకచోట కలియుచున్నవి. కొలువు మెట్ల క్రింద పిల్లలు ఇసుక పోసి, మెంతులో ఆవాలో చల్లి మొలకెత్తించి తీర్చు తోటలో ఏనుగు, పులి, జిరాఫీల సరసన రాక్షసబల్లియు నిలుచుచున్నది. దానికి అచ్చట చోటు కలదా యన్న ప్రశ్నకు సమాధానము కొలువు క్రమములోనే యున్నది. గడ్డి, చెట్టు, నత్త, చీమ, మృగము, మనుష్యుడు, ఋషి, దేవత అను వరుసలో క్రిందినుండి పైకి మెట్లు తీర్చు సంప్రదాయ మొకటి ఈ ప్రాంతమున కలదు. దీనిని చెప్పువారు తొల్కాప్పియములోని ఆరు అరివుల విభాగమును పేర్కొందురు. స్పర్శ మాత్రమే గల గడ్డి, చెట్లు మొదటి తరగతి. ఐదింద్రియములు గల జంతువులు ఐదవది. మనస్సు గల మనుష్యు డారవది. ఈ లెక్కను రాక్షసబల్లి నిస్సందేహముగా ఐదవ మెట్టుది. అందులకు అడ్డు చెప్ప వలనుపడదు.

పేరు మాత్రము కొంత చిక్కు. 1842లో రిచర్డ్ ఓవెన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు భయంకరము, బల్లి అను అర్థములు గల రెండు గ్రీకు పదములను చేర్చి డైనోసార్ శబ్దమును కల్పించెను. మనవారు దానిని రాక్షసబల్లిగా తెనిగించిరి. మాట అందమైనదే, పలుకగనే పిల్లల కన్నులు విప్పారును. కాని ఈ జంతువులు బల్లులు కావు. బల్లికంటె మొసలి వీటికి దగ్గరి చుట్టము. పక్షి వీటి సంతానమే. అన్నియు రాక్షసాకారములును కావు, కోడియంతవియు కలవు. తమిళమున తొన్మా, అనగా ప్రాచీనమృగము, అను మాటను కొంద రిప్పుడు వాడుచున్నారు. అర్థమున అది మేలు. అయినను రాక్షసబల్లిని విడుచుటకు మనసొప్పదు.

ఈ బొమ్మల చరిత్ర విచిత్రమైనది. లండను నగరపు సిడెన్‌హామ్ ఉద్యానమున 1854లో వాటర్‌హౌస్ హాకిన్స్ అను శిల్పి నిలువెత్తు ప్రాచీన మృగవిగ్రహములను నిలిపెను. అంతకు ముందు, 1853 డిసెంబరు 31వ తేదీన, ఇగ్వానొడాన్ విగ్రహపు అచ్చులోనే పండితులకు విందు జరిగెను. హాకిన్స్ విగ్రహముల చిన్న నమూనాలు తరువాత విద్యాలయములకు అమ్మకమునకు వచ్చినవి. నేటి బొమ్మలకు మూలపురుషులు అవియే. ఆ ఇగ్వానొడాన్ ఖడ్గమృగమువలె నాలుగు కాళ్లపై నిలిచి, ముక్కుపై కొమ్ము ధరించియుండెను. 1878లో బెల్జియము గనులలో పూర్తి అస్థిపంజరములు దొరకగా అది కొమ్ము కాదనియు, బొటనవ్రేలి ముల్లనియు తేలినది. అంతట జంతువును కంగారువలె నిటారుగా నిలిపిరి. తరువాత అదియు తప్పని, వెన్నెముకను నేలకు సమముగా నుంచి తోకను గాలిలో నిలిపిరి. ప్రతి దిద్దుబాటును బొమ్మకు సంక్రమించినది.

కనుక సేకరించువాడు మృగములనేగాక తనకు తెలియకయే మనుష్యుల ఊహలను గూడ వరుసపెట్టుచున్నాడు. అమెరికాలో సింక్లెయిర్ నూనె సంస్థ 1933-34 చికాగో ప్రదర్శనమున ఈ జంతువులను చూపి ప్రచారము చేసికొనెను. 1964-65 న్యూయార్కు ప్రదర్శనమున నాణెము వేసినంతనే వెచ్చని బొమ్మను పోసియిచ్చు యంత్రములను పెట్టెను. 1950ల నడుమ లూయీ మార్క్స్ సంస్థ ప్లాస్టిక్ బొమ్మలను పిల్లల చేతికి చౌకగా అందించెను. అవన్నియు తోకను నేల నీడ్చు సోమరులు. 1969లో జాన్ ఆస్ట్రమ్ అను పండితుడు డైనోనికస్ అను చురుకైన వేటజంతువును వర్ణించినపిమ్మట బొమ్మలును పరుగెత్త నేర్చినవి. 1970లలో బ్రిటిషు మ్యూజియము పక్షమున ఇన్విక్టా సంస్థ ఏకవర్ణపు బొమ్మలను, 1988నుండి 2015వరకు సఫారీ సంస్థ కార్నెగీ మ్యూజియము పేర నలువదింట నొకవంతు కొలతగల బొమ్మలను విడుదల చేసినవి. 1993 నాటి జురాసిక్ పార్కు చలనచిత్రము ఈ సరదాను లోకమంతట వ్యాపింపజేసినది. 1996లో చైనాలో ఈకల జాడగల శిల దొరకినది. నేడు ఈకలు గల బొమ్మలను వెదకి కొనువారును, అవి గిట్టనివారును వాదులాడుకొనుచున్నారు.

వేలూరువారికి ఈ కూర్పువిద్య క్రొత్తది కాదు. కోటలోని జలకంఠేశ్వరాలయపు కల్యాణమండపమున, విజయనగర కాలపు శిల్పులు 16వ శతాబ్దములో చెక్కిన యాళులను చూడుడు. సింహపు దేహము, ఏనుగు తొండము, మొసలి దంతము, గుఱ్ఱపు దూకుడు ఒక్కటై స్తంభమునుండి పైకి లేచును. హాకిన్స్ దొరకిన నాలుగెముకలకు తెలిసిన జంతువుల అంగములను చేర్చినట్లే శిల్పియు చేర్చెను. భేదమెల్ల, ఎముక దొరకినపుడు హాకిన్స్ బొమ్మను దిద్దవలసివచ్చినది. యాళిని దిద్ద నెవరికిని పనిలేదు.

అయితే ఇన్ని బొమ్మలున్న అలమరలో తప్పక కానవచ్చునది అమెరికా దేశపు టిరానోసారస్. తెలుగునేల జంతువు పేరు తెలిసిన బాలుడు అరుదు. వేలూరు, గుడియాత్తములలో తెలుగు చదువుకొను పిల్లలకును ఇది వర్తించును. ప్రాణహిత, గోదావరి లోయలోని కోటా శిలలలో, అప్పటి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి సమీపమున, భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు 1970లలో త్రవ్వి అనేక మృగముల ఎముకలను వెలికిదీసిరి. ఆ శాఖకు చెందిన పి. యాదగిరి 1988లో వీటిని వర్ణించి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణము చేసెను. కోటా యనునది శిలల పేరు, యామన్‌పల్లి ఊరి పేరు. మన పల్లె పేరు లోకపు శాస్త్రగ్రంథములకెక్కినది. హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున 44 అడుగుల పొడవున దాని అస్థిపంజరము నిలిచియున్నది. అదే లోయలో ఆవలి మహారాష్ట్ర భాగమున దొరకిన మఱియొక మహామృగమునకు 1975లో బరపాసారస్ టాగోరై అని పేరిడిరి. బరపా యనగా వంగభాషలో పెద్దకాలు. రెండవమాట రవీంద్రకవి స్మృతి.

ఇదే యాదగిరి, కె. అయ్యాసామితో కలిసి, 1980ల చివర తమిళనాడున అరియలూరు ప్రాంతపు కల్లమేడు వద్ద దొరకిన బ్రహ్మాండమైన ఎముకలకు బృహత్కాయోసారస్ అని పేరుపెట్టెను. బృహత్కాయ మనునది మన సంస్కృతమే. తొలుత దానిని మాంసాహారి యనుకొనిరి. పిదప పొడుగు మెడగల శాకాహారిగా భావించిరి. ఎముకలు త్రవ్వినపిమ్మట శిథిలమై పోయినవి. బొమ్మలు, వర్ణనలు మాత్రమే మిగిలినవి. ఎముక లేని జంతువునకు బొమ్మ చేయువాడు యాళిశిల్పికి వారసుడే యగును. ఏదియెట్లున్నను తెలుగుపల్లె పేరుగల దొకటి, తమిళనేల ఎముకల దొకటి—ఈ రెండింటికి పేరు పెట్టినవాడొక్కడే. రెండు భాషల నడుమ బ్రతుకు వేలూరు తెలుగువారి కొలువున ఈ జంట నిలుచుటకంటె తగినది మఱి యేది?

చిన్న విషయ మొకటి. గుడియాత్తము నేతకును, అగ్గిపెట్టెల పరిశ్రమకును పేరుగన్నది. ఒకప్పుడు బాలురు అగ్గిపెట్టెల పైచీటీలను పోగుచేసెడివారు. ఆ చీటీపై బొమ్మతోబాటు చేసినవాని పేరును, ఊరును అచ్చువేసియుండును. అక్షరాభ్యాసమైన బాలుడు కూడబలుకుకొని చదువుకొనెడివాడు. తిరునాళ్లలో దొరకు చౌకరకపు రాక్షసబల్లి పొట్టక్రింద తరచుగా చైనా యను మాట తప్ప వేరేమియు నుండదు. దాని జాతి యేదో అమ్మువానికే తెలియదు. పిల్లవాడు అంగడినుండి దాని నింటికి తెచ్చినపుడు పేరు వెదకి ఒక చీటీపై తెలుగున వ్రాసి అంటించుట మంచిది: జంతువు పేరు, దొరకిన దేశము, వర్ణించిన సంవత్సరము, బొమ్మ చేసిన సంస్థ. ఈ చీటీ లేనిచో పదేండ్ల పిమ్మట పెట్టెలోనిది వట్టి ప్లాస్టిక్.

కొనువారు గమనింపవలసిన దింకొకటి. 2021 జనవరి 1నుండి మనదేశమున అమ్ము బొమ్మలకు నాణ్యతముద్ర తప్పనిసరి. నమోదైన చేతిపనివారికిని, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును సడలింపు కలదు గనుక కొండపల్లి పొణికికఱ్ఱ బొమ్మలకు దీనివలన బాధలేదు. ఏ ముద్రయు లేని, ఘాటైన వాసనవచ్చు ప్లాస్టిక్ బొమ్మను పసివారి చేతి కీయరాదు.

కోటాసారస్ బొమ్మకై అంగళ్లలో వెదకి విసుగుచెందుటకంటె చేయించుకొనుట తేలిక. 44 అడుగుల జంతువు నలువదింట నొకవంతున పదమూడంగుళములగును. కొలువు మెట్టుపై ఇమిడిపోవును. నాలుగు దిట్టమైన కాళ్లు, పొడుగు మెడ, నేల తాకక చాచిన తోక. తల మాత్రము ఊహింపవలెను. యామన్‌పల్లిలో పుఱ్ఱె దొరకలేదు. కొన్ని దంతములే దొరకినవి.